మృతుల పునరాగమన భయము – దాని నివారణము

మరణించినవాడు మరల లేచివచ్చి బ్రదికియున్నవారిని బాధించుననెడి భయము ఏ యొక్క దేశమునకును సొత్తు కాదు. మనలో దహనక్రియ ముగించి మరలువారు వెనుకకు తిరిగి చూడరాదందురు. ఐరోపాఖండమున కొన్ని ప్రాంతములవారు పాతిపెట్టిన శవమును పైకి తీసి, దాని గుండెలో కొయ్యమేకు దిగగొట్టిరి. ఆచారములు వేరైనను వాని మూలమొకటియే. ఆ మూలమెట్టిదో, అది చదువుకొన్నవారిని సైత మెట్లు లోబరచుకొన్నదో, దానికి నిజమైన నివారణమేదో, చరిత్రలో నమోదైన మూడు వృత్తాంతములవలన ఈ పాఠమున విచారింతము.

మొదటి వృత్తాంతము

సెర్బియాదేశపు ఉత్తరభాగము 1718 మొదలు 1739 వరకు ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచ్చటి కిసిల్యెవో యను పల్లెయందు పీటర్ బ్లాగోయెవిచ్ అను రైతు మృతినొందగా, అతనిని పాతిపెట్టిరి. తరువాత 1725వ సంవత్సరమున ఆ పల్లెలో ఎనిమిది దినములలో తొమ్మండుగురు అల్పకాలవ్యాధిచే మరణించిరి. పీటరు నిద్రలో తమపైకి వచ్చి గొంతు నులిమెనని వారు మరణశయ్యపైనుండి చెప్పిరట. అతని భార్యయు, భర్త తనకడకు వచ్చి చెప్పులడిగెనని చెప్పి ఊరు విడిచి పోయెను.

గ్రామస్థులు సమాధిని త్రవ్వ నిశ్చయించి, ఫ్రోంబాల్డ్ అను ప్రభుత్వోద్యోగిని దగ్గరనుండి చూడుమని కోరిరి. బెల్గ్రేడునుండి అనుమతి వచ్చువరకు ఆగవలెనని అతడు మొదట చెప్పెను. అంతవరకు ఆగుమన్నచో తాము ఊరు వదలి పోదుమని వారు పట్టుపట్టిరి. అంతట అతడు మెత్తబడి వెంట వెళ్ళెను. శవము చెడకుండుటయు, పైచర్మ మూడిపోయి క్రింద క్రొత్తచర్మము కనబడుటయు, నోట రక్తముండుటయు కన్నులార చూచెను. జనులు ఆ శవమును మొనదేరిన కొయ్యతో పొడిచి, పిదప దహించిరి. ఇందు తప్పేదైన నున్నచో అది భయముచే మతిచెడిన జనులదేగాని తనది కాదని ఫ్రోంబాల్డు తన నివేదికలో వ్రాసికొనెను.

అతడు బొంకినాడని మనము తలపరాదు. అతడు చూచినవి చాలవరకు నిజముగా నుండినవే. శవము లోపల కుళ్ళునపుడు వాయువు పుట్టి ఉదరము నుబ్బించును; ఆ యొత్తిడిచే ఎఱ్ఱని ద్రవము నోటను ముక్కునను వెలికి వచ్చును; పైపొర చర్మము జారిపోగా లోపలి పొర లేతగా కనబడును. కొయ్యతో గ్రుచ్చినపుడు వాయువు కంఠమార్గమున వెడలి మూలుగువలె వినబడుటయు కలదు. శీతలభూమిలో ఈ క్రియ మిక్కిలి మెల్లగా జరుగును. ఇవి మరణము పూర్తియగుచున్నదనుటకు గుర్తులు. జీవమున్నదనుటకు గుర్తులు కావు. కనుక చూచినది సత్యము, ఊహించినది అసత్యము. మూఢవిశ్వాసము కేవలము అబద్ధముపై నిలుచునది కాదు. తప్పుగా చదువబడిన సత్యముపై నిలుచును. అందుచేతనే అది బలమైనది. 1732వ సంవత్సరమున మెద్వెజా యను మరియొక సెర్బియా గ్రామమున సైనికశస్త్రవైద్యులే సమాధులను పరీక్షించి, ఇట్టి గుర్తులనే చూచి, ఇట్టి నిర్ణయమునకే సమ్మతించి సంతకములు చేసిరి.

రెండవ వృత్తాంతము

1755వ సంవత్సరారంభమున మొరేవియా, సైలీషియా ప్రాంతముల సరిహద్దునందలి యొక గ్రామమున, కొలదివారములక్రిందట మరణించిన యొక స్త్రీ శవమును ఇట్లే పైకి తీసి కాల్చిరి. ఈ వార్త మరియా థెరీసా మహారాణి చెవిని పడెను. ఆమె కోపించి యూరకుండలేదు. భయపడి సమ్మతింపను లేదు. వైద్యులను పంపి విచారణ చేయించెను. హాలెండు దేశీయుడును ఆమె ఆస్థానవైద్యుడును అగు గెరార్డ్ వాన్ స్వీటెన్ ఆ విచారణలోని సంగతులను పరిశీలించి, చలిచేతను గాలి సోకకుండుటచేతను శవములు చెడక నిలుచుట ప్రకృతిసిద్ధమని వివరించెను. అంతట మహారాణి, ఇకమీదట శవములను త్రవ్వి తీయుట, పొడుచుట, కాల్చుట కూడదనియు, ఇట్టి సంగతులను పురోహితులు స్వతంత్రించి నిర్ణయింపక అధికారులకు తెలుపవలెననియు, వైద్యుని పరీక్ష జరుగవలెననియు శాసించెను. విచారణ ముందు, శాసనము వెనుక: ఈ క్రమమును మనము గమనింపవలెను.

మూడవ వృత్తాంతము

ఇది అన్నిటికంటెను శోచనీయమైనది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో రోడ్ ఐలండ్ నందు ఎక్సెటర్ అను గ్రామము కలదు. అచ్చటి జార్జి బ్రౌన్ అను వ్యవసాయదారుని భార్య 1883లో క్షయవ్యాధిచే మరణించెను. పిమ్మట పెద్దకుమార్తె పోయెను. 1892 జనవరిలో పందొమ్మిదేండ్ల మెర్సీ యను కుమార్తెయు పోయెను. కుమారుడు ఎడ్విన్ అదే వ్యాధిచే క్షీణించుచుండెను. చనిపోయినవారిలో ఒకరు అతని ప్రాణమును పీల్చుచున్నారని ఇరుగుపొరుగువారు నిశ్చయించిరి. తండ్రికి ఆ మాటయందు నమ్మకము లేదు. అయినను వారి యొత్తిడికి తలయొగ్గెను.

మార్చి 17వ తేదీని సమాధులను తెరచిరి. తల్లియు పెద్దకుమార్తెయు ఎముకలై యుండిరి. మెర్సీ శరీరము మాత్రము చెడలేదు, గుండెలో రక్తముండెను. చలికాలమున రెండు నెలలు చల్లని చోట నుంచిన శరీరము చెడకుండుటలో వింతలేదు. ఆమె ఊపిరితిత్తులలో క్షయరోగచిహ్నములున్నవని అచ్చటనున్న వైద్యుడు చెప్పెను. ఎవరును వినలేదు. గుండెను కాలేయమును ఒక బండపై కాల్చి, ఆ బూడిదను నీట కలిపి అన్నగారికి త్రాగించిరి. మే 2వ తేదీని ఎడ్విన్ మరణించెను.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ బెర్లినునందు ప్రకటించినది 1882 మార్చి 24వ తేదీని. అనగా జ్ఞానము లోకమునకు వచ్చి అప్పటికి పదియేండ్లు గడచినవి. వైద్యుడు ప్రక్కనే నిలిచి సత్యము పలికెను. తండ్రి మనస్సునకును సత్యము తోచెను. ముగ్గురిని పోగొట్టుకొని నాల్గవవానిని కాపాడుకొనగోరు ఆ తండ్రిని నిందించుటకు మనకు నోరు రాదు. అయినను ఆ బూడిద ఆ గిన్నెలోనికి వచ్చుటకు గ్రామస్థుల అజ్ఞానమెంత కారణమో, తెలిసినవాని మౌనమును అంతే కారణము. ఫ్రోంబాల్డు చేసినదియు నిదియే.

కథలయందలి వైద్యుడు

కల్పనాసాహిత్యము ఈ వృత్తాంతములను తలక్రిందులు చేసినది. లెఫాను రచించిన కార్మిల్లా 1872లోను, బ్రామ్ స్టోకరు రచించిన డ్రాకులా 1897లోను గ్రంథరూపమున వెలువడినవి. స్టోకరు వ్రాతకాగితములలో న్యూ ఇంగ్లండు ప్రాంతపు రక్తపిశాచభయమును గూర్చిన 1896 నాటి పత్రికాఖండమొకటి కలదు. అతని నవలలో హాలెండునుండి వచ్చిన పండితవైద్యుడే ఆ భయమును సమర్థించును. మృతురాలి హృదయమున మేకు దిగగొట్టుమని ఆమెకు కాబోయిన వరుని ప్రోత్సహించును. అది ఆమె యాత్మకు విమోచనమని చెప్పును. నిజమైన హాలెండు వైద్యుడు శవముల నట్లు చేయుట మాన్పించినవాడు! కథను కథగా చదివి ఆనందించుట తప్పు కాదు. కథలోని వైద్యుని మాటను ఇంటిలోని రోగికి వర్తింపజేయుట తప్పు. మన బేతాళకథలలోనో, శవమును మోసికొనిపోవు రాజు దానిని పొడువడు, కాల్చడు. అది యడిగిన చిక్కుప్రశ్నలకు ఆలోచించి సమాధానము చెప్పును. భయము నెదుట అట్టి వర్తనమే మనకు తగియున్నది.

మన కర్తవ్యము

తెలుగునాట పాడెను త్రోవలో దింపి, మృతుని చెవిలో మూడుమారులు పేరుపెట్టి పిలుచు దింపుడుకళ్లమను ఆచారము కలదు. ప్రాణమేమైన మిగిలియున్నదేమో యను ఆశ దాని హృదయము. ఒకచోట మృతుడు లేవకుండునట్లు మేకు కొట్టిరి. ఇచ్చట లేచిన బాగుండునని పిలిచిరి. మనవారి ప్రేమ యట్టిదయ్యును, మనయందు భయము లేకపోలేదు. అది యిచ్చట మృతులకంటె బ్రదికియున్నవారినే యెక్కువగ కాటువేయుచున్నది. ఒక యింట వరుసగా జబ్బులు రాగానే బాణామతియనియు చేతబడియనియు చెప్పి, దిక్కులేని ముదుసలినో, విధవనో, బీదవానినో అనుమానించి కొట్టుటయు, చంపుటయు నేటికిని వినవచ్చుచున్నవి. ఐరోపాలోను ఈ భయము పూర్తిగా నశింపలేదు. 2004వ సంవత్సరారంభమున రుమేనియాలోని మరోటిను డె సూస్ అను గ్రామమున బంధువులే శవమును త్రవ్వి, గుండెను కాల్చి, బూడిదను నీళ్ళలో కలిపి త్రాగిరి. క్షయవ్యాధి నేటికిని లోకమున ఏటేట పదిలక్షలకు పైగా ప్రాణములను హరించుచున్నది. క్రమముగ మందు తిన్నచో సాధారణముగ కుదురు ఈ వ్యాధికి రక్షరేకులు కట్టించుకొనుచు కాలము గడుపువారు ఇంకను కలరు.

1878లో రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజమును స్థాపించిన వీరేశలింగము పంతులుగారు మొదలు మన పెద్దలు బోధించినది ఒక్కటియే: సర్వమును పాలించు దేవుడొక్కడు, ఆయన దయామయుడు. దేహము వీడిన యాత్మ ఆయన చేతిలో నున్నదని నమ్మువానికి మేకుతోను బూడిదతోను పనియేమి? మనము ప్రేమించిన తల్లి, చెల్లెలు, బిడ్డ, మరణించినంతమాత్రమున మన ప్రాణములకు పగవారగుదురని తలచుట వారిపట్లను ఆయనపట్లను అపరాధము.

కావున, సోదరులారా, ఈ పాఠమునుండి మూడు నియమములు గ్రహింతము. చూచినదానిని, ఊహించినదానిని వేరుచేసి చెప్పుదము. వ్యాధి వచ్చినపుడు ముందుగా వైద్యుని పిలుతము. ఇరుగుపొరుగువారును ఇంటిపెద్దలును ఒత్తిడి చేయునపుడు, “నాకు నమ్మకము లేదు గాని, వారి తృప్తికొరకు” అను మాట మన నోట రానీయకుందము. ఎక్సెటరునందు ఒక తండ్రి లోపల తలచి వెలికి చెప్పలేకపోయినది ఈ మాటకు మారుమాటయే. దానిని మనము మన యిండ్లలో, సమయము మించకముందే, మృదువుగను స్థిరముగను చెప్పవలెను.