చతుర్భుజముల బంధుత్వము

విద్యార్థులారా! "చతురస్రము దీర్ఘచతురస్రమగునా?" అని పరీక్షలో అడిగినచో మీలో పలువురు "కాదు" అని వ్రాయుదురు. పేర్లు వేరు గనుక జాతులును వేరని మీ తలంపు. అది సరికాదు. చతుర్భుజములు ఒకే కుటుంబమువి. ఆ బంధుత్వమును తెలిసికొందము.

నాలుగు సరళరేఖా ఖండములచే ఆవరింపబడిన సమతల క్షేత్రము చతుర్భుజము. దాని కోణముల మొత్తము 360 డిగ్రీలు. దీనికి ఒక్కొక్క నియమమును చేర్చుచు పోవుదము.

కనీసము ఒక జత ఎదుటి భుజములు సమాంతరములైనచో అది సమలంబ చతుర్భుజము. మన కోలారు సీమలోని చెరువుకట్టను అడ్డముగా కోసినట్లు ఊహింపుడు: అడుగు వెడల్పు, పైభాగము ఇరుకు, రెండును సమాంతరములు. కొన్ని పుస్తకములు "ఒక జత మాత్రమే" అని నిర్వచించును. మీ పాఠ్యపుస్తకమును చూచి వ్రాయుడు.

రెండవ జతయు సమాంతరమైనచో సమాంతర చతుర్భుజము. అందు ఎదుటి భుజములు సమానములు. కర్ణములు ఒకదాని నొకటి సమద్విఖండన చేయును.

ఇచ్చట కుటుంబము రెండు శాఖలగును. కోణములన్నియు లంబకోణములైనచో దీర్ఘచతురస్రము; దాని కర్ణములు సమానములు. భుజములన్నియు సమానములైనచో సమచతుర్భుజము, అనగా రాంబస్. దాని కర్ణములు పరస్పరము లంబములు. కన్నడ పాఠశాలలలో వీనిని ఆయతము, వజ్రాకృతి యందురు. పేరు మారినను క్షేత్రము మారదు.

ఈ రెండు శాఖలును కలిసిన చోట చతురస్రమున్నది. అది దీర్ఘచతురస్రమును అగును, సమచతుర్భుజమును అగును. కోలారు జిల్లాలో పుట్టిన తెలుగు బిడ్డ కర్ణాటకమునకును చెందును, తెలుగునకును చెందును. ఒకటి నిజమైనంత మాత్రమున రెండవది అబద్ధము కాదు గదా!

ఈ వరుస వలని లాభమేమి? సమాంతర చతుర్భుజమునకు ఒక్కసారి నిరూపించినది తక్కిన మూడింటికిని వర్తించును. మరల నిరూపింప నక్కరలేదు. పునాది గీయు మేస్త్రీ మొదట ఎదుటి భుజములను సమానముగా కొలుచును. పిదప త్రాటితో కర్ణములను కొలుచును. అవి సమానమైనచో మూలలు లంబకోణములని నిశ్చయించును. కర్ణముల సమానత్వ మొక్కటియే చాలదు. ఇరువైపుల వాలు ఒకటిగానున్న చెరువుకట్ట ఛేదమునకును కర్ణములు సమానములే!

ఈ విభజన మన దేశమున ప్రాచీనము. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850లో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. అందు చతుర్భుజములను సమ, ద్విద్విసమ, ద్విసమ, త్రిసమ, విషమములని భుజములనుబట్టి ఐదు విధములుగా విభజించెను. కన్నడ రాజు నేలికలో వెలసిన ఆ గ్రంథమును పావులూరి మల్లన 11వ శతాబ్దమున తెలిగించెను.

తల్లిదండ్రులకు మనవి: నాలుగు సమానమైన పుల్లలను మూలల వద్ద దారముతో వదులుగా కట్టి బిడ్డ చేతికిండు. ప్రక్కకు వంచినచో సమచతుర్భుజము. మూలలు నిటారుగా నిలిపినచో చతురస్రము. భుజములు మారలేదు, కోణములే మారినవి. ఈ మాట బిడ్డ నోట రావలెను.

అభ్యాసము: 1. ప్రతి దీర్ఘచతురస్రమును చతురస్రమగునా? కారణము వ్రాయుడు. 2. కర్ణములు సమానములై, లంబములై, పరస్పరము సమద్విఖండన చేసికొనునట్టి చతుర్భుజమేది? 3. కర్ణములు లంబములైన ప్రతి చతుర్భుజమును సమచతుర్భుజమగునా? పటము గీచి చూపుడు.