పికప్ బండికి గేర్ ఆయిల్ మార్చడం ఎలా?



మనలో చాలామంది అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. ఆ రాయిని, మన ప్రాంతపు పంటలను మోసే పికప్ బండ్లు ఇప్పుడు మన ఇళ్ల ముందూ ఉన్నాయి. ఎక్కువ శాతం ఫైనాన్స్‌లో తీసుకున్నవే. గేర్ బాక్స్ పాడై బండి షెడ్డులో పడితే కిరాయి ఆగిపోతుంది, కిస్తీ మాత్రం ఆగదు. మా నాన్న కూడా డ్రైవరే. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఆయిల్ ఏం చేస్తుంది?

గేర్ పళ్లు ఒకదానినొకటి నేరుగా రాసుకోకుండా మధ్యలో ఆయిల్ సన్నని పొరలా నిలుస్తుంది. వేడి పెరిగితే ఆయిల్ స్నిగ్ధత తగ్గుతుందని ఫిజిక్స్‌లో చదువుకున్నాం. లోడుతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ గానీ, గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్ గానీ ఎక్కేటప్పుడు జరిగేది ఇదే. ఇంజన్ ఆయిల్‌ను అందరూ గుర్తు పెట్టుకుని మారుస్తారు. గేర్ ఆయిల్‌ను మాత్రం శబ్దం వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. అప్పటికే పళ్లు అరిగి ఉంటాయి.

ఏ ఆయిల్ పోయాలి?

డబ్బా మీద 80డబ్ల్యూ-90 అని ఉంటే మొదటి అంకె చలిలో, రెండవది వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. జీఎల్-4, జీఎల్-5 అనేవి రకాలు. క్రౌన్‌కు సాధారణంగా జీఎల్-5 వాడతారు. గేర్ బాక్స్‌లో ఇత్తడి రింగులుంటే కొన్ని జీఎల్-5 ఆయిళ్లు వాటిని తినేస్తాయి. కనుక బండితో ఇచ్చిన పుస్తకంలో ఏది రాస్తే అదే పోయాలి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది.

మార్చే పద్ధతి

1. బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పండి. గోరువెచ్చని ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది.

2. సమతలంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఎత్తాల్సి వస్తే నాలుగు వైపులా స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. జాకీ జారితే ప్రాణం పోతుంది.

3. ముందుగా పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పండి. అది ఊడివచ్చాకే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోండి. పాత ఆయిల్ దించేశాక ఫిల్లర్ ఊడకపోతే కొత్తది పోయలేరు, బండీ కదలదు.

4. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే చూడండి. మెత్తని బూడిదరంగు ముద్ద మామూలే. లోహపు ముక్కలు కనిపిస్తే మెకానిక్‌కు చూపించాలి.

5. కొత్త వాషర్‌తో ప్లగ్ బిగించి, ఫిల్లర్ రంధ్రం నుంచి కారేవరకు కొత్త ఆయిల్ పోసి మూయండి. కొద్ది దూరం నడిపి లీకేజీ చూడండి.

ఆటోమేటిక్ అయితే?

ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ వంటి పికప్‌లలో ఆటోమేటిక్ గేర్లూ వచ్చాయి. ఇసుజు ఫ్యాక్టరీ మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో ఉంది. వీటిలో ఫ్లూయిడ్ కందెన మాత్రమే కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని అందించేది అదే. పాస్కల్ నియమం ప్రకారం ఒత్తిడితో లోపలి క్లచ్‌లను నొక్కేదీ అదే. ప్లగ్ విప్పితే కొంత భాగమే దిగుతుంది, మిగిలినది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా, పుస్తకంలో చెప్పిన వేడి దగ్గర లెవెల్ చూడాలి. మామూలు గేర్ ఆయిల్ ఇందులో పోస్తే గేర్ బాక్స్ పోయినట్లే. ఆ సాధనాలు లేనప్పుడు ఇంట్లో ప్రయత్నించవద్దు.

పాత ఆయిల్‌ను వాగులోనో, బోరు పక్కనో పారబోయకండి. మనది అసలే ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడే ప్రాంతం. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

తమ్ముళ్లూ! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ బండి పుస్తకం తీసి నాన్నకో, అన్నకో చదివి వినిపించండి. స్పానర్ పట్టడం వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ఆ పుస్తకం చాలా బండ్లలో కవరు కూడా విప్పకుండా ఉంటుంది. దాన్ని చదివి చెప్పగలగడం మన చదువు వాళ్లకు తీర్చే మొదటి బాకీ.