సామ్ తిన్నెలకు వెళ్లే ముందు



డిసెంబరులో జైసల్మేర్ వెళ్తున్నావనీ, సామ్ ఇసుక తిన్నెల మీద ఒక సాయంత్రం జీపులో తిరిగి, రాత్రి గుడారంలో పాటలు విని మర్నాడే బయల్దేరతావనీ మీ నాన్న చెప్పాడు. తప్పకుండా వెళ్లు తల్లీ. కానీ ఆ సాయంత్రాన్ని రెండు రోజులు చేసుకో, జీపు మానేసి నడువు. ఎడారి అంటే ఏమీ లేని చోటనుకుని వెళ్తే నిజంగానే ఏమీ కనపడదు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అయినా ప్రపంచంలోని ఎడారులన్నింటిలో జనం ఒత్తుగా ఉండే వాటిలో జైసల్మేర్ ఉన్న థార్ ముందుంటుంది. అంత కొద్ది నీళ్లతో అంతమంది ఎలా నిలబడ్డారన్నదే అక్కడ చూడవలసింది.

జవాబు తిన్నెల చుట్టూ ఉంది. సామ్ వైపు వెళ్తూ కుల్ధారా చూపిస్తారు, ఊరు పాడుబడ్డ కథ, శాపం కథ చెబుతారు. నువ్వు మాత్రం అక్కడి పాలీవాల్ బ్రాహ్మణుల ఖడీన్ల గురించి అడుగు. రాతినేల మీద పడ్డ వాన పల్లానికి జారి వస్తుంది. దానికి అడ్డంగా మట్టికట్ట వేసి నిలబెడతారు. నీరు ఇంకాక ఆ తడిమీదే గోధుమ, శనగ వేస్తారు, మళ్లీ నీరు పెట్టే పని లేదు. చేలో కనిపించే ఖేజ్రీ చెట్టును చూసి పరాయిదనుకోకు, దసరాకు మనం పూజించే జమ్మి అదే. మన తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఒకటే. దాని ఆకు మేకలకు మేత, లేత కాయ మనుషులకు కూర. 1730లో ఖేజర్లీ అనే ఊళ్లో ఈ చెట్లను నరకనివ్వక అమృతాదేవి అనే ఆమెతో కలిపి 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారని చెబుతారు. చెట్టు పోతే ఊరు పోతుందని తెలిసినవాళ్లు వాళ్లు.

జీపు చక్రాల గుర్తులను రాత్రి గాలే చెరిపేస్తుంది కదా అంటావు. నున్నటి శిఖరం మీద చెరుపుతుంది, నిజమే. కానీ తిన్నెల అంచుల్లో సేవణ్ గడ్డి వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. అవి తెగితే గాలి అతకదు, ఇసుకను ఎగరేసుకుపోతుంది. ఆ గడ్డిభూములే బట్టమేక పిట్టకు చివరి దిక్కు. ఒకప్పుడు మన తెలుగు నేల మీది రోళ్లపాడులోనూ తిరిగిన ఆ పక్షుల్లో ఇప్పుడు మిగిలినవి కొద్దే, అవీ ఎక్కువగా జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి. జీపులు నడిపేవాళ్ల పొట్ట కొట్టమంటున్నానా? లేదు. జీపుకు పెట్టే డబ్బే ఒంటె తోలేవాడికీ, దారి చూపే ఊరివాడికీ, అన్నం పెట్టే ఇంటికీ ఇవ్వు. రెండు రోజులుంటే వాళ్లకు దక్కేదీ పెరుగుతుంది. సెలవు చాలదంటే జైసల్మేర్ కోట చూసే పూట తగ్గించుకో.

రెండో రోజు తెల్లవారకముందే తిన్నె ఎక్కు. గాలి లేవకముందు రాత్రి తిరిగిన పురుగుల, నక్కల జాడలు ఇసుక మీద స్పష్టంగా ఉంటాయి. ఇసుక పగటి వేడిని నిలుపుకోదు, ఆ వేళకు వణికించే చలి. మందపాటి స్వెటరు, చెవులకు మఫ్లరు పెట్టెలో పైనే సర్దుకో.