గాలి తీసిన సంచి – గాలి చేయు పని

మన కణేకల్ ప్రాంతమువారికి గాలి బలమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. వేదవతీ నది ఇసుకను పొలములమీదికి తెచ్చి మేటలు వేయునది ఆ గాలియే. అట్టి గాలినుండి విద్యుత్తు తీయుటకు 1990వ దశకమున అప్పటి అనంతపురం జిల్లాలోని రామగిరి కొండలపై గాలిమరలు నిలిపిరి. నేటి గాలిమరల రెక్కలు దూరమునుండి లోహమువలె తోచును. కాని అవి ముఖ్యముగా గాజునార బట్టకు రెజిన్ పట్టించి చేసినవి.

తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివివచ్చిన విద్యార్థులు సాంకేతిక నామములు వినగానే వెనుకంజ వేయుట మేము తరచు చూచుచున్నాము. వస్తువు చేయు పని తెలిసినచో పేరు భయపెట్టదు. ఈ చిన్న పాఠము అందులకే.

గాజుబట్ట పొరల నడుమ గాలిబుడగలు మిగిలినచో ఆ చోటు బలహీనమై, క్రమముగా పొరలు విడిపోవచ్చును. పొరలను అదుముటకు బండరాళ్లు పెట్టనేల? సముద్రమట్టమున ప్రతి చదరపు మీటరుపై వాతావరణము సుమారు 10 టన్నుల బరువుతో నొక్కుచున్నది. మన పీఠభూమిపై కొంచెము తక్కువ. పొరలను సంచితో కప్పి లోపలి గాలిని పంపుతో లాగివేసినచో, వెలుపలి గాలియే వానిని అంతటా సమముగా అదుమును.

ఇందుకు కావలసిన సామగ్రిని వరుసగా చూతము. మొదట అచ్చు, వస్తువు దానికి అంటుకొనకుండ మైనము పూయుదురు. దానిపై రెజిన్‌తో తడిపిన గాజుబట్ట పొరలు. వానిపై పీల్ ప్లై అను నైలాన్ లేక పాలిస్టర్ బట్ట. గట్టిపడిన పిదప దీనిని ఒలిచివేయగా గరుకైన శుభ్రమైన తలము మిగులును. తరువాత సన్నని రంధ్రములుగల రిలీజ్ ఫిల్ము. అదనపు రెజిన్ ఈ రంధ్రములగుండా పైకి వచ్చును. దానిపై దూదివంటి బ్రీదర్ బట్ట; ఇది ఆ రెజిన్‌ను పీల్చుకొని, గాలి పంపువరకు పోవుటకు దారి యిచ్చును. అన్నిటికి పైన నైలాన్ సంచి, అంచులకు బంకపట్టీ. మూలలయందు సంచి బిగదీసికొనిపోకుండ కుచ్చులు పెట్టవలెను. పెద్ద రెక్కలకు మాత్రము పొడిబట్టనే పరచి, గాలి తీసి, ఆ లాగుడుతోనే రెజిన్‌ను లోనికి ప్రవహింపజేయుదురు.

పంపు మార్గమును మూసి పీడనమాపకమును గమనించుట ముఖ్యమైన పరీక్ష. ముల్లు కదలినచో ఎచ్చటనో గాలి చొరబడుచున్నదని అర్థము. తడి పొరల విషయమున ఈ లోపమును రెజిన్ గట్టిపడకమునుపే సరిదిద్దవలెను. పిదప చేయగలది స్వల్పము. చెరువుకట్టకు ఎలుకబొక్క ఎట్టిదో, సంచికి సూదిరంధ్రము అట్టిది.

ఈ విద్యకు మరొక ముఖము గలదు. సంచి, బట్టలు, బంకపట్టీ చాలవరకు ఒక్కసారి వాడి పారవేయునవే. గట్టిపడిన ఎపాక్సీ రెజిన్ మరల కరగదు. కావున అరిగిన రెక్కలను ఏమి చేయవలెనను ప్రశ్న ప్రపంచమంతటా నున్నది. దానికి చవకైన సమాధానము కనుగొనువారు మన తరగతిగదులనుండి ఏల రాకూడదు? గాలి మన పొలములమీదుగనే వీచుచున్నది గదా!