నాన్నదీ రాత్రి డ్యూటీయే

సమస్య

తాడేపల్లిగూడెం పక్క ఊరి నుంచి ఉత్తరం రాసిన అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. ఏలూరులో ఓ ఆసుపత్రి స్లీప్ ల్యాబ్‌లో టెక్నాలజిస్టు. రాత్రి డ్యూటీ ఎక్కి పేషెంటు తలకీ, కళ్ళ పక్కనా, గడ్డానికీ, కాళ్ళకీ వైర్లు అంటిస్తుంది. ఛాతీకీ పొట్టకీ బెల్టులు కడుతుంది. ఇక తెల్లారేదాకా పక్కగదిలో తెర ముందు కూర్చోవడమే. పొద్దున రైలెక్కితే కునుకు పట్టి, గూడెం దాటిపోయి నిడదవోలులో లేచిన రోజులూ ఉన్నాయట.

సంబంధాలు చూస్తున్నారు. ఉద్యోగం ఏమిటని అడిగితే అమ్మ "ల్యాబ్‌లో" అనేసి మాట మార్చేస్తోంది. ఈమధ్య ఒకరు గుచ్చి గుచ్చి అడగడంతో సంగతి బయటపడి, ఆ సంబంధం అక్కడితో ఆగింది. "పరాయి మగాడు పడుకుంటే రాత్రంతా నువ్వు కెమెరాలో చూడ్డమేంటే? మానెయ్" అని అప్పట్నుంచీ పోరు. నాన్న ఏమీ అనడు. ఆయన నిడమర్రు వైపు చేపల చెరువుల మీద రాత్రి కాపలా. పగలు పడుకుంటే గురక వీధిలోకి వినిపిస్తుంది. దానికితోడు, పొద్దున్నే పేషెంట్లు "ఏం తేలిందండి పాపగారూ?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆమె నలిగిపోతోంది. మానెయ్యాలా, వద్దా?

సలహా

మానెయ్యక్కర్లేదు. కానీ ఇప్పుడున్న పద్ధతిలోనే కొనసాగనూ కూడదు.

ఆ ఇంట్లో రాత్రి ఉద్యోగం కొత్తేమీ కాదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల వ్యాపారంలో సగం పని చీకట్లోనే నడుస్తుంది. కాపలా, ఏరేటర్లు, ఐసు, లారీ లోడింగు. తండ్రి రాత్రంతా చెరువుగట్టునే ఉన్నా రాని అభ్యంతరం కూతురు ఆసుపత్రిలో ఉంటే వచ్చిందంటే, తల్లి భయం రాత్రి గురించి కాదు, ఆడపిల్ల గురించి. ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేం. అయితే దానికి మందు రాజీనామా కాదు, ఆసుపత్రిలో సరైన ఏర్పాట్లు.

ఆమె చూసేది పడుకున్న మనిషిని కాదు, అతని ఊపిరిని. రికార్డింగును ముప్పై సెకన్ల పేజీలుగా విడగొట్టి చదువుతారు. ఎనిమిది గంటలకి 960 పేజీలు. పది సెకన్లకి తగ్గకుండా గాలి ఆగితే ఒకసారి ఊపిరి ఆగినట్టు లెక్క. ఊపిరి ఆగడాలూ, బాగా తగ్గడాలూ కలిపి గంటకి ముప్పై దాటితే నిద్రలో ఊపిరాగే జబ్బు ముదిరిందని అర్థం. నిద్రలో కళ్ళు వేగంగా కదిలే దశ ఉందని 1953లో చికాగో నుంచి లోకానికి చెప్పిన యూజీన్ అసెరిన్‌స్కీ కూడా తన ఎనిమిదేళ్ళ కొడుక్కి వైర్లు తగిలించి, రాత్రులు మేలుకునే ఆ సంగతి పట్టుకున్నాడు. అమ్మకి ఇదంతా ఎక్కకపోతే నాన్నతో చెప్పించడం మేలు. చెరువులో ఆక్సిజన్ తెల్లారగట్లే అడుగంటుతుందని, ఆ వేళ కునుకు తీస్తే చేప తేలిపోతుందని ఆయనకి ఒకరు చెప్పాలా! చాలామంది పేషెంట్లకీ ఆ వేళే గండం. కళ్ళు కదిలే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, అప్పుడు గొంతు కండరాలు మరీ సడలుతాయి.

సంబంధాల వాళ్ళ దగ్గర దాచడం ముందు మానాలి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పట్టికలో స్లీప్ ల్యాబ్ టెక్నాలజిస్టు పేరు ఉంది. ఇది తెలిశాక కూడా మొహం తిప్పుకునే సంబంధం పోయినా నష్టమేమీ లేదు.

ఆసుపత్రిని అడగాల్సినవి కాగితం మీద అడగాలి. మగ పేషెంటుకి వైర్లు అంటించేటప్పుడు అటెండరో, పేషెంటు తాలూకు మనిషో గదిలో ఉండాలి. కెమెరాకి పేషెంటు సంతకం ఉండాలి. ఒక టెక్నాలజిస్టుకి ఇద్దరు పేషెంట్లు మించకూడదు. పదిమందో, అంతకుమించో పనిచేసే ఏ సంస్థలోనైనా పనిచేసేచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి, అందులో ఎవరున్నారో కనుక్కోవాలి. ఇవి కుదరవంటే అప్పుడు మానెయ్యొచ్చు, అదీ ఈ ఉద్యోగాన్ని మాత్రమే, వృత్తిని కాదు.

పొద్దున్నే అడిగే పేషెంటుకి జవాబు తేలిక: "రికార్డింగు బాగా వచ్చిందండి, డాక్టరుగారు చూసి చెబుతారు." అంతకుమించి ఒక్క ముక్క వద్దు. అలాగని రాత్రి ఆక్సిజన్ ప్రమాదంగా పడిపోయినా, గుండె లయ తప్పినా తెల్లారనివ్వకూడదు. అప్పటికప్పుడు డాక్టరుకి ఫోను చెయ్యాల్సిందే.

ఇక ఆమె సొంత నిద్ర. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే చెప్పింది, 2019లో మళ్ళీ అదే అంది. కాబట్టి ఇంటికి రాగానే పెళ్ళిచూపులకి ముస్తాబు చెయ్యడం లాంటివి అమ్మ కట్టిపెట్టాలి. గది చీకటిచేసి పడుకోనివ్వాలి. స్టేషన్ నుంచి స్కూటీ తనే నడుపుకు రాకుండా ఎవరైనా ఎదురెళ్ళి తీసుకొస్తే ఇంకా మంచిది.

ఉత్తరంలో నాన్న గురకని ఆమె ఒక్క వాక్యంలో దాటేసింది గానీ, తొందరపడాల్సింది అక్కడే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందా, బండి మీద తూగుతున్నాడా చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. స్లీప్ స్టడీ రాస్తే దాన్ని కూతురు చెయ్యకూడదు, వేరే టెక్నాలజిస్టు చెయ్యాలి. ఆయన పగలు పడుకునే మనిషి కాబట్టి పరీక్ష కూడా పగలే పెట్టమని అడగాలి.