ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలు: గుర్తుంచుకోవాల్సినవి

1788లో బ్రిటిష్ వలస మొదలయ్యేనాటికి ఖండంలో 250కి పైగా భాషలు. 2021 జనగణనలో ఇళ్లలో వాడుకలో ఉన్నవి 167. మాట్లాడేవారు సుమారు 77 వేలు.

అతిపెద్ద కుటుంబం పామ–న్యుంగన్. ఖండంలో దాదాపు 90 శాతం నేల దీనిదే. మిగతా కుటుంబాలన్నీ ఉత్తరాన, కింబర్లీ, ఆర్నెమ్ ల్యాండ్ వైపు. టోరెస్ జలసంధిలోని మెరియమ్ మీర్ మాత్రం పాపువా భాష. ‘సరిపోలనిది ఏది’ తరహా ప్రశ్నకు అనువైన అంశం.

డైర్బల్ (క్వీన్స్‌లాండ్): నామవాచకాలకు నాలుగు తరగతులు. అత్తగారు వినేంత దూరంలో ఉంటే అల్లుడు వాడే పదజాలం మొత్తం మారిపోయేది, వ్యాకరణం మాత్రం అదే! ఈ భాషపై ప్రసిద్ధ వ్యాకరణం: ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్, 1972.

గూగు యిమిథిర్: కుడి ఎడమలకు బదులు దిక్కులు చెబుతారు. ‘కంగారూ’ పదం ఈ భాషదే (1770, నావికుడు కుక్ యాత్ర).

డామిన్: లార్డిల్ తెగ ఒకప్పటి దీక్షా భాష. ఆఫ్రికా బయట క్లిక్ ధ్వనులు పదాల్లో భాగమైనది ఇదొక్కటే.

పరిశోధన సంస్థ: ఏఐఏటీఎస్‌ఐఎస్, కాన్‌బెర్రా (1964).

ఐక్యరాజ్యసమితి ఆదివాసీ భాషల సంవత్సరం 2019, దశాబ్దం 2022–32. ఈ రెండింటినీ తారుమారు చేయొద్దు.

ద్రావిడ భాషల పరిశోధకుడు కాల్డ్వెల్ ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలకూ ద్రావిడ భాషలకూ పోలికలు చూపారు. బంధుత్వం రుజువు కాలేదు. ‘రెండూ ఒకే కుటుంబం’ అన్న వాక్యం కనిపిస్తే తప్పుగా గుర్తించండి.