కేబుల్ టీవీలో వచ్చే భజన, పూజ ఇంట్లో రికార్డు చేసుకుని స్టిక్‌లో చూడటం ఎలా?

ఈసారి స్తోత్రం కాదు, అర్థ వివరణ కాదు. మన చానెల్ చూసే పెద్దవాళ్లు, స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్లు పదే పదే అడుగుతున్న ఒక పని గురించి చెప్పుకుందాం. కేబుల్‌లో వచ్చిన కార్యక్రమాన్ని ఇంట్లో రికార్డు చేసుకుని, తర్వాత తీరిగ్గా టీవీకి పెట్టిన ఫైర్ టీవీ స్టిక్‌లో చూడటం ఎలా అని. నేను ఒకసారి చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మాది కూర్మన్నపాలెం. నాన్నగారు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మా కాలనీ రామాలయం నుంచి నగర సంకీర్తన బయలుదేరితే ముందు వినబడే గొంతు ఆయనదే. ఒక ముక్కోటి ఏకాదశికి లోకల్ కేబుల్ చానెల్ వాళ్లు వచ్చి ఆ భజన తీశారు. రెండు రోజులు పోయాక సాయంత్రం వేశారు. సెట్‌టాప్ బాక్సుకి పెన్‌డ్రైవ్ పెట్టి, రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కి నేనే రికార్డు చేశాను. నలభై నిమిషాలు వచ్చింది. నాన్నగారు రెండుసార్లు చూసుకుని, "శ్రుతి కొంచెం తగ్గింది" అన్నారు. అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆయన పోయిన ఏడాదికి ఆ బాక్సు పాడైంది. ఆపరేటర్ మనిషి వచ్చి పాతది పట్టుకుపోయి కొత్తది బిగించాడు. అదే పెన్‌డ్రైవ్ కొత్త బాక్సుకి పెడితే ఫైలు పేరు కనిపిస్తోంది గానీ, నొక్కితే తెర నల్లగా ఉంటోంది. లాప్‌టాప్‌లో పెట్టినా అంతే. అమ్మ వెనకాలే నిలబడి, "ఏట్రా, మీ నాన్న కనబడరేటి?" అంటోంది. మర్నాడు ఆపరేటర్ ఆఫీసుకి పరిగెత్తితే పాత బాక్సులు ఎప్పుడో పంపేశామన్నారు. చానెల్ వాళ్లు ఆ భజన దాచలేదు.

ఇలా ఎందుకు అవుతుందో తెలుసుకోవాలి. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే రోజుల్లో ఎవరింట్లోనైనా వీసీఆర్ ఉంటే క్యాసెట్‌లో పట్టి, పక్కింటివాళ్ల వీసీఆర్‌లో కూడా వేసుకునేవాళ్లు. బొమ్మకి తాళం లేదు. డిజిటల్ కేబుల్ అలా కాదు. మన విశాఖ రెండో దశ పట్టణాల జాబితాలో ఉంది కాబట్టి ఇక్కడ గడువు 2013 మార్చి 31. డిజిటల్ సిగ్నల్ ఇంటికి తాళం వేసుకుని వస్తుంది. డబ్బు కట్టిన బాక్సు దాన్ని తీసి చూపిస్తుంది. అదే బాక్సు పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసేటప్పుడు చాలా మోడళ్లలో మళ్లీ తన సొంత తాళం వేస్తుంది. పెన్‌డ్రైవ్ మన చేతిలో ఉంటుంది, తాళంచెవి బాక్సులో ఉండిపోతుంది. బాక్సు పోతే చెవీ పోయినట్టే. డేటా రికవరీ షాపువాళ్లు చెరిగిపోయిన ఫైలును తెచ్చిస్తారేమో గానీ ఈ తాళం తీయలేరు. నేను రెండు షాపులు తిరిగాను.

అందుకని మీ బాక్సులో ఇప్పటికే ఇలాంటి రికార్డింగులు ఉంటే ఆలస్యం చేయకండి. బాక్సు పనిచేస్తుండగానే వాటిని ఆడించి, బయట ఇంకోసారి రికార్డు చేసుకోండి. ఎలాగో చెబుతాను.

దానికి ముందు ఒక మాట. తిరుమల శ్రీవారి కల్యాణోత్సవం, నాదనీరాజనం వేదిక మీద పారాయణాల వంటివి రికార్డు చేయాలని తాపత్రయపడక్కర్లేదు. ఎస్వీబీసీ వాళ్ల యూట్యూబ్‌లో వెతికితే చాలా వరకు దొరుకుతాయి, స్టిక్‌లో నేరుగా చూడొచ్చు. పట్టుకోవలసింది మళ్లీ దొరకనివి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలు, మీ వీధి గుడి ఉత్సవం, లోకల్ చానెల్‌లో మీవాళ్లు చదివిన హరికథ, ఇలాంటివన్నమాట. చందనోత్సవం సందడి కూడా కొందరు అడిగారు. అక్షయ తృతీయ నాడు కొండ మీది జనాన్ని, క్యూలైన్లను రికార్డు చేసుకోవచ్చు. నిజరూపాన్ని మాత్రం కెమెరాలో చూపించరు, దానికి కొండెక్కవలసిందే.

ఇది తప్పు కాదా అని అడిగే నిదానస్తులు ఉన్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం ప్రసారాన్ని సొంత వాడకానికి రికార్డు చేసుకోవడం ఉల్లంఘన కాదు. అదే ఫైలును యూట్యూబ్‌లో ఎక్కిస్తేనో, గ్రూపుల్లో పంచితేనో సొంత వాడకం అనిపించుకోదు. నేనూ మన చానెల్‌లో వేయను, పంపమని అడగకండి.

ఇక పని. బాక్సు వెనక హెచ్‌డీఎంఐ కాకుండా పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ అవుట్ ఉంటుంది. కొన్నిటికి ఒకే చిన్న రంధ్రం ఉంటుంది, దానికి వేరే వైరు దొరుకుతుంది. హెచ్‌డీఎంఐలో కాపీ రక్షణ ఉండటం వల్ల తెర నల్లగా రావచ్చు, అందుకే ఈ పాత దారి. బొమ్మ హెచ్‌డీ అంత మెరుపుగా ఉండదు, గొంతుకి ఏ లోటూ ఉండదు. ఈ పిన్నులు లాప్‌టాప్‌కి కలపడానికి ఏవీ నుంచి యూఎస్‌బీకి మార్చే క్యాప్చర్ స్టిక్ ఒకటి కొనాలి.

లాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో వేసుకోండి, ఉచితం. అందులో వీడియో క్యాప్చర్ డివైస్‌గా ఆ స్టిక్‌ని ఎంచుకుని, వీడియో రకం పాల్ అని పెట్టండి, సైజు 720×576. ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే బొమ్మ దొర్లుతుంది, లేదా రంగు పోతుంది. కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలొస్తే డీఇంటర్లేస్ ఆన్ చేయండి. ఆడియోకి కూడా అదే స్టిక్‌ని ఎంచుకోవాలి. ఇది మరిచిపోయి నేను గంటసేపు మూగ హారతి రికార్డు చేశాను.

ఫైలు రకం ఎంపీ4 కాకుండా ఎంకేవీ పెట్టండి. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 మొత్తం తెరుచుకోకపోవచ్చు, ఎంకేవీలో అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది. మన దగ్గర గాలివానల సంగతి తెలిసిందే. బిట్‌రేట్ 2,500 పెడితే గంటకు సుమారు 1.2 జీబీ అవుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. అలా మారిస్తే అందులో ఉన్నవి చెరిగిపోతాయి, ఖాళీదే వాడండి.

చూడటానికి ఫైర్ టీవీ స్టిక్‌లో వీఎల్‌సీ యాప్ వేసి, లాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్‌ని షేర్ చేయండి. రెండూ ఒకే వైఫైలో ఉంటే యాప్‌లో లోకల్ నెట్‌వర్క్ కింద కనిపిస్తుంది. ఆ సమయంలో లాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి. ఫైలు పేరు తేదీతో మొదలుపెడితే వరసగా ఉంటాయి. నా దగ్గర "2023-12-14 మార్గశిర మొదటి గురువారం" అని ఉంది, అమ్మ చదువుకుని తనే పెట్టుకుంటుంది. చివరగా ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పక్కింటి టీవీలో ఆడించి చూడండి. మీ బాక్సుకి సంబంధం లేని చోట ఆడితేనే అది మీ దగ్గర ఉన్నట్టు.

ఇదంతా నేర్చుకున్నాక ఒకరోజు నాన్నగారితో తాళం వేసే బాబాయిగారు గుడిలో కలిశారు. మాటల్లో, "ఆవేళ నేనూ నొక్కాన్రా, చివర్లో కొంచెం వచ్చింది" అన్నారు. వాళ్ల బాక్సు మారలేదు. ఆ సాయంత్రమే లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. పదకొండు నిమిషాలుంది. నాన్నగారు ఓ పక్కన సగమే కనిపిస్తారు, గొంతు మాత్రం పూర్తిగా ఉంది. అడుగున చీరల కొట్టు ప్రకటన ఆగకుండా పాకుతుంటుంది.

అమ్మ మూడుసార్లు చూసి, "ఆ కింద రాతలు తీసెయ్యలేవేట్రా?" అంది. క్రాప్ చేస్తే పోతాయి. వాటితోపాటు తాళం వేస్తున్న నాన్నగారి చేతులు కూడా పోతాయి. అలాగే ఉంచేశాను.